తిరిగి తెరవలేని డబ్బా: కారు వెనక లైటు తయారీలో రోబో వంతెంత, మనిషి వంతెంత

రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన పొద్దున చూస్తే కారు వెనక లైటు లోపల తెల్లగా తేమ పట్టి ఉంది. గుడ్డతో తుడిస్తే పోలేదు, తడి ఉన్నది గ్లాసుకి అవతలివైపు. మెకానిక్ ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

"సెట్టు మొత్తం మార్చాల్సిందే సార్."

"గ్లాసు ఒక్కటీ రాదా అన్నా?"

"విడిగా రాదు సార్. సీలుడు పీసు. కోస్తే గానీ ఊడదు, కోస్తే మళ్లీ అతకదు."

బజాజ్ చేతక్, అంబాసిడర్ రోజులు గుర్తున్నవాళ్లకి ఈ మాట మరీ చిరాకు తెప్పిస్తుంది. అప్పట్లో రెండు స్క్రూలు విప్పితే ఎర్ర గ్లాసు చేతిలోకొచ్చేది. లోపల బల్బు, అంచున రబ్బరు పట్టీ, అంతే సరుకు. ఇప్పుడెందుకిలా అంటే "అంతా రోబోలే చేస్తున్నాయి, అందుకే" అని కొందరంటారు. "పార్టులు అమ్ముకోవడానికి కంపెనీలు పన్నిన ఎత్తు" అని ఇంకొందరు. రెండింటిలోనూ కొంత నిజముంది గానీ ముడి ఉన్నది ఇంకో చోట. టెయిల్ ల్యాంప్ (వెనక లైటు) తయారీలో లెన్సు (మనం గ్లాసు అనేది) అంచు, డబ్బా అంచు కరిగి ఒక్కటయ్యే క్షణం ఒకటుంటుంది. అది దాటిందంటే లోపల దుమ్మున్నా, వైరు ఊడినా, స్క్రూ తక్కువైనా చేసేదేమీ లేదు, పీసు చెత్తబుట్టకే. ఏ పని యంత్రానికి అప్పజెప్పారు, ఏది మనిషి చేతికి వదిలారు అన్నది చాలామటుకు ఆ మూత పడే క్షణాన్ని బట్టే తేలుతుంది.

ఎర్ర ప్లాస్టిక్ వెనక ఏముంది

మనం గ్లాసు అంటాం గానీ అది గాజు కాదు, అక్రిలిక్. షాపు బోర్డులకి వాడే షీటు కుటుంబమే. ఎండకి ఏళ్ల తరబడి నిలబడుతుంది, త్వరగా పసుపెక్కదు. హెడ్‌ల్యాంప్‌కి మాత్రం ఎగిరొచ్చే రాళ్ల దెబ్బ తట్టుకోవాలని పాలికార్బొనేట్ వాడతారు, ఎండకి పాడవకుండా దాని మీద పూత వేస్తారు. పాత కార్ల హెడ్‌ల్యాంపులు మసకబారేది ఆ పూత పోయినప్పుడే. టెయిల్ ల్యాంప్ లెన్సులో ఎరుపు, తెలుపు, నారింజ రంగులు పక్కపక్కన కనిపిస్తే, వాటిని విడిగా చేసి అతికించారనుకోకండి. ఒకే మౌల్డులో ఒక రంగు తర్వాత ఇంకో రంగు పోస్తారు.

వెనకనుండే డబ్బా ఏబీఎస్ ప్లాస్టిక్. రెండింటి మధ్యలో వెండిలా మెరిసే రిఫ్లెక్టరు ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కని గాలి తీసేసిన గదిలో పెట్టి, అల్యూమినియాన్ని ఆవిరి చేసి పట్టిస్తే వచ్చే మెరుపది. పొర ఎంత పలచనంటే వేలిముద్ర పడితే ఆ ముక్క ఇక పనికిరాదు. ఆపైన ఎల్ఈడీలున్న సర్క్యూట్ బోర్డు, కాంతిని పొడవునా సాగదీసే లైట్ గైడ్, వైర్ల కట్ట అంటే హార్నెస్, దాని కొసన కప్లర్, వెనక గోడకి గోరంత గుండ్రటి పొర ఒకటి. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాం.

ఇంత హంగామా ఎందుకంటే, వెనక లైటు అందానికి మించి చట్టానికి జవాబు చెప్పాల్సిన వస్తువు. ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం రాత్రిపూట వెలిగే పార్కింగ్ లైటు సూటిగా వెనక్కి కనీసం 4 క్యాండెలాల (వెలుగు తీవ్రతకి కొలత) వెలుగివ్వాలి, బ్రేకు లైటు కనీసం 60. ఒకే ఎర్ర గ్లాసులోంచి ఈ రెండూ రావాలి, వెనకొచ్చే డ్రైవరుకి తేడా తెలియాలి. మన దేశంలో ఏఐఎస్-012 ప్రమాణం ఉంది, పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షలు చేస్తాయి. ఆమోదం ల్యాంపు మొత్తానికి దక్కుతుంది, గ్లాసుకి విడిగా కాదు. మెకానిక్ "విడిగా రాదు" అనడానికి ఇదీ ఒక కారణం.

ఇక ఎల్ఈడీ ఎందుకంటే, మామూలు బల్బు ఫిలమెంటు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్తలోనే వెనక కారు ఐదున్నర మీటర్లు ముందుకొచ్చేస్తుంది. ఎల్ఈడీలో ఆ ఆలస్యం లేనట్టే.

మూత వేసే పద్ధతులు

పాత స్క్రూల పద్ధతి ఎందుకు పోయిందో ముందు చూద్దాం. స్క్రూకి నిలువు గొట్టం లాంటి స్తంభం కావాలి, అది పారదర్శకమైన లెన్సులోంచి కనబడుతుంది. రబ్బరు పట్టీ ఏళ్లు గడిస్తే గట్టిపడి నీళ్లు లోపలికి వదులుతుంది. పైగా ఇవాళ్టి లెన్సు వంపులు తిరిగి ఫెండరు మీదికి ఎక్కుతుంది, దాని అంచు పొడవునా స్క్రూలతో సమానంగా బిగించడం అయ్యే పని కాదు. అందుకే కరిగించి అతికిస్తున్నారు. అక్రిలిక్, ఏబీఎస్ రెండూ ఇంచుమించు ఒకే వేడికి మెత్తబడతాయి, కరిగితే ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఆ జోడీని ఎంచుకున్నదే అందుకు.

ఎక్కువగా కనిపించేది హాట్ ప్లేట్ వెల్డింగ్. లెన్సు పై ఫిక్స్‌చర్లో (ముక్కని కదలకుండా పట్టే చట్రం), డబ్బా కింది ఫిక్స్‌చర్లో కూర్చుంటాయి. మధ్యలోకి ల్యాంపు అంచు ఆకారంలోనే చెక్కిన వేడి లోహపు పలక వస్తుంది. రెండు అంచులూ దానికి ఆనుకుని కరుగుతాయి, పలక పక్కకి తప్పుకుంటుంది, వెంటనే లెన్సు దిగి డబ్బాని నొక్కుతుంది. తప్పుకోవడానికీ నొక్కడానికీ మధ్య ఉన్న రెండు మూడు సెకన్లలోనే పనంతా ఉంది. ఆలస్యమైతే కరిగిన అంచు మీద పొర కడుతుంది, అతుకు పైకి బాగానే ఉన్నా లోపల బలముండదు. మనిషి చేత్తో అయ్యే పని కాదిది.

దగ్గర నిలబడి చూస్తే ఇందులోని చికాకు తెలుస్తుంది. పలక వెనక్కి జరిగేటప్పుడు కరిగిన ప్లాస్టిక్ పాకంలా సాగుతుంది. ఒక్కోసారి ఆ తీగ తెగి, వెంట్రుక కన్నా సన్నగా, గాల్లో తేలి రిఫ్లెక్టరు మీద వాలుతుంది. అప్పటికే లెన్సు దిగిపోతుంటుంది. బయటికొచ్చిన ల్యాంపులో మెరిసే అద్దం మీద సాలీడు తీగలా ఒక గీత కనిపిస్తుంది. వెలుగుకి దాంతో ఏ నష్టమూ లేదు, నీళ్లు రావు, కానీ ఏ కస్టమరూ ఒప్పుకోడు. పీసు పోయినట్టే. పలకకి టెఫ్లాన్ పూత వేస్తే అంటుకోవడం తగ్గుతుంది గానీ, 260 డిగ్రీలు దాటితే ఆ పూత నిలవదు. పలకకి తాకించకుండా దూరం నుంచే కరిగిద్దామంటే వేడి ఇంకా ఎంతో పెంచాలి. ఏది తగ్గిస్తే ఏది పెరుగుతుందన్న లెక్క ఎప్పటికీ తెగదు.

రెండోది వైబ్రేషన్ వెల్డింగ్. రెండు ముక్కల్నీ గట్టిగా నొక్కి పట్టి, ఒకదాన్ని సెకనుకి 200 సార్లకు పైగా మిల్లీమీటరు అటూ ఇటూ ఆడిస్తారు. చలికి అరచేతులు రుద్దుకున్నట్టే, రాపిడికి పుట్టిన వేడితో అంచులు కరుగుతాయి. పని త్వరగా అవుతుంది, కానీ పొడి రాలుతుంది, లోపలి సున్నితమైన భాగాలన్నీ ఆ కుదుపు తినాలి. అల్ట్రాసోనిక్ కూడా కదలికతోనే పనిచేస్తుంది, సెకనుకి 20 వేల సార్లకు పైమాట. దాన్ని చిన్న ముక్కలకే వాడతారు.

నాలుగోది లేజర్. కంటికి కనబడని పరారుణ కిరణం లెన్సులోంచి సాఫీగా దూరిపోయి, కింద నల్లటి డబ్బా అంచుకి తగిలి అక్కడ వేడి పుట్టిస్తుంది. తీగలు సాగవు, పొడి రాలదు, అతుకు గీతలా నీటుగా వస్తుంది, అందుకే డిజైనర్లకి ఇదంటే ఇష్టం. యంత్రం ధర మాత్రం బాగా ఎక్కువ. పైగా రెండు ముక్కల మధ్య వెంట్రుక మందం ఖాళీ మిగిలినా అక్కడ అతకదు. అంటే మౌల్డింగులో లెన్సు కాస్త వంకర తిరిగినా ఆ లోపం ఇక్కడ బయటపడుతుంది.

హెడ్‌ల్యాంపుల దారి వేరు. వాటి లెన్సుని చాలావాటిలో జిగురుతో అతికిస్తారు. వేడి చేస్తే మెత్తబడే రకం జిగురు వాడినవాటిని జాగ్రత్తగా ఊడదీసే మెకానిక్కులున్నారు. అది చూసినవాళ్లు టెయిల్ ల్యాంపు కూడా ఊడుతుందనుకుంటారు, ఊడదు.

54 సెకన్ల లెక్క

ఒక మోడలు కారు ఏటా 3 లక్షలు తయారవుతోందనుకుందాం. పెనుకొండ దగ్గరి కియా ప్లాంటు మొదట్లో ప్రకటించిన సామర్థ్యం ఈ అంకే, కాకపోతే అక్కడ ఒకటికి మించి మోడళ్లు చేస్తారు. 300 పనిదినాలు, రోజుకి రెండు షిఫ్టులు, టీలూ భోజనాలూ పోను 15 గంటలు. రోజుకి వెయ్యి కార్లు, చేతిలో 54 వేల సెకన్లు. అంటే ప్రతి 54 సెకన్లకి కుడి, ఎడమ ల్యాంపుల జత ఒకటి లైను చివర నుంచి బయటికి రావాలి. ఏ స్టేషనైనా ఇంతకు మించి తీసుకుంటే అలాంటి యంత్రం రెండోది కొనాలి.

వెల్డింగ్ తర్వాత వచ్చే ఓవెన్ దగ్గర ఈ లెక్క ఆసక్తికరంగా మారుతుంది. కరిగి చల్లబడ్డ అక్రిలిక్ అంచులో బిగువు దాగి ఉంటుంది. ఆ బిగువు మీద పెట్రోలో, స్పిరిట్ కలిసిన గ్లాస్ క్లీనరో పడితే పగిలిన చెరువు అడుగులా సన్నటి బీటలు పుడతాయి. అందుకని వెల్డయిన ల్యాంపుల్ని 70, 80 డిగ్రీల ఓవెన్లో కాసేపు ఉంచి బిగువు తీస్తారు. అది గంట అనుకుందాం. జతకి 54 సెకన్ల చొప్పున ఏ నిమిషాన చూసినా ఓవెన్ లోపల 67 జతలుంటాయి. లీక్ టెస్టు ఓవెన్ దాటాక పెడితే, వెల్డింగ్ యంత్రంలో వచ్చిన తేడా గంట ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసేసరికి 67 జతలు, అంటే 134 ల్యాంపులు, అనుమానం కిందికి వచ్చేస్తాయి.

మరి వెల్డింగ్ అవ్వగానే లీక్ టెస్టు చేయొచ్చు కదా?

ఒక్క డిగ్రీ ఎలా మోసం చేస్తుంది

లీక్ టెస్టు అంటే సైకిల్ ట్యూబుని నీళ్లలో ముంచడానికి వారసుడు. ల్యాంపులోకి కాస్త గాలి ఎక్కించి, ద్వారం మూసి, ఒత్తిడి ఎంత తగ్గిందో కొలుస్తారు. తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు.

ల్యాంపు లోపల 2 లీటర్ల చోటుందనుకోండి. నిమిషానికి 5 ఘన సెంటీమీటర్ల గాలి కారితే ఫెయిల్ అని పెట్టుకున్నాం. 10 సెకన్ల కొలతలో ఆ లీకు వల్ల పడే ఒత్తిడి సుమారు 42 పాస్కల్స్. వాతావరణ పీడనం లక్ష పాస్కల్స్ పైచిలుకు కాబట్టి ఇది చాలా చిన్న అంకె, అయినా సెన్సర్లు పట్టుకుంటాయి. ఇప్పుడు అదే ల్యాంపు వెల్డింగ్ నుంచి వెచ్చగా వచ్చింది, కొలిచే ఆ పది సెకన్లలో లోపలి గాలి ఒక్క డిగ్రీ చల్లబడింది. చల్లబడితే గాలి ముడుచుకుంటుంది, ఒత్తిడి సుమారు 340 పాస్కల్స్ పడిపోతుంది. లీకు ఇచ్చే సంకేతానికి ఇది ఎనిమిది రెట్లు. ఏ రంధ్రమూ లేని మంచి ల్యాంపుని యంత్రం ఫెయిల్ చేస్తుంది. తిరకాసు ఇంకో వైపూ ఉంది. చల్లటి ల్యాంపుని వేడి షెడ్డులో కొలిస్తే గాలి వ్యాకోచించి అసలు లీకుని కప్పేస్తుంది.

అంటే వెంటనే కొలిస్తే వేడి మోసం చేస్తుంది, చల్లారేదాకా ఆగితే అనుమానపు పీసులు పోగుపడతాయి. కొన్ని లైన్లలో వెల్డింగ్ తర్వాత పెద్ద లీకులకోసం ముతక పరీక్ష, ఓవెన్ దాటి చల్లారాక సూక్ష్మ పరీక్ష, ఇలా రెండుసార్లు చేస్తారు. ఆటోమేషన్ అనగానే చేతులాడించే రోబో కళ్లముందు మెదులుతుంది గానీ, లైనులో నిజంగా తల బద్దలుకొట్టుకునే చోటు ఈ కదలని డబ్బా దగ్గరే ఉందని నాకనిపిస్తుంది.

రోబోకి లొంగని వైరు

ఆటోమేషన్ అన్న మాటలో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో మనిషే చేస్తాడు, తప్పు చేయకుండా ఫిక్స్‌చర్ కాపలా కాస్తుంది. రెండో మెట్టులో మనిషి ముక్కలు పెట్టి బటన్ నొక్కితే యంత్రం పని చేస్తుంది. మూడో మెట్టులో పెట్టడం, తీయడం కూడా రోబోవే. కార్ల బాడీ వెల్డింగ్ షాపులు మూడో మెట్టుకి చేరి చాలాకాలమైంది. ల్యాంపు లైన్లు ఎక్కువగా రెండో మెట్టు చుట్టుపక్కలే తిరుగుతున్నాయి.

కారణం హార్నెస్ దగ్గర కనబడుతుంది. మణికట్టుకి గ్రౌండు పట్టీ కట్టుకున్న ఆపరేటరు (ఒంట్లోని స్టాటిక్ కరెంటుకి ఎల్ఈడీ చచ్చిపోగలదు) ట్రేలోంచి వైర్ల కట్ట తీస్తుంది. అది ప్రతిసారీ ఒక్కో తీరున మెలిక తిరిగి ఉంటుంది. చూపుడువేలితో మెలిక సర్ది, కొక్కేల కిందుగా వైరు నడిపించి, బొటనవేలితో కప్లర్ని నొక్కుతుంది. టక్‌మంటుంది. ఒకసారి వెనక్కి లాగి చూస్తుంది. ఏడెనిమిది సెకన్లలో అయిపోతుంది. ఇందులో ఆమె వేళ్లకి తెలిసిన సంగతులు నాలుగైదున్నాయి. రోబోకి ఇదే నేర్పాలంటే మూడు కోణాల కెమెరా, బలం కొలిచే సెన్సరు, మెలికని ఊహించే సాఫ్ట్‌వేరు కావాలి, అన్నీ ఉన్నా ఆ వేగం అందుకోవడం కష్టం. తర్వాతి స్టేషన్లో కథ తిరగబడుతుంది. నాలుగు స్క్రూలు, ఒకే చోట, ఒకే బిగింపు. అక్కడ మనిషి ఉన్నా స్క్రూ గన్ లెక్కపెడుతుంది. మూడే బిగిస్తే ఫిక్స్‌చర్ క్లాంపు వదలదు. దీన్నే పోకా-యోకే అంటారు, జపాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన మాట, పొరపాటుకి అడ్డుకట్ట అని అర్థం.

మెత్తటి వస్తువుతో రోబో తిప్పలు లోకానికి తెలిసింది 2018లో. టెస్లా తన మోడల్ 3 ఉత్పత్తిలో వెనకబడిపోయినప్పుడు, అతిగా ఆటోమేట్ చేయడం తన తప్పేనని ఈలాన్ మస్క్ బాహాటంగా ఒప్పుకున్నాడు. బ్యాటరీ పైన పరిచే ఫైబర్‌గ్లాస్ పరుపుని రోబోలు సరిగా పట్టుకోలేకపోవడం ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఒకటి. 1961లో అమెరికాలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో మొదటి పారిశ్రామిక రోబో యూనిమేట్‌కి ఇచ్చిన పనేమో కాలే కాస్టింగుల్ని అచ్చులోంచి తీయడం. గట్టిగా, వేడిగా, ప్రతిసారీ ఒకేలా ఉండే వస్తువు. ఇన్నేళ్లయినా రోబోకి అచ్చొచ్చేది అలాంటిదే.

రకాల గొడవ ఇంకోటి. కుడి, ఎడమ రెండు. బేస్ వేరియంటుకి బల్బు, టాప్ వేరియంటుకి ఎల్ఈడీ, అవి నాలుగు. దేశీయం, ఎగుమతి, అవి ఎనిమిది. అమెరికాలో వెనక ఇండికేటరు ఎర్రగా ఉన్నా చెల్లుతుంది, ఇక్కడా యూరప్‌లోనూ నారింజ తప్పనిసరి. ల్యాంపు సగం బాడీ మీద, సగం డిక్కీ తలుపు మీద ఉంటే ఎనిమిది కాస్తా పదహారు. చూడ్డానికి కవల పిల్లల్లా ఉండే ఈ పదహారింటిలో తప్పుది తప్పు పెట్టెలోకి వెళ్లకుండా ఆపడానికి బార్‌కోడు స్కానరు మనిషి కన్నా ఎంతో నయం.

కెమెరా పట్టిన దొంగల్లో దొరలెందరు

మూత పడ్డాక ల్యాంపుని వెలిగించి కెమెరాతో చూస్తారు. గీత, దుమ్ము, చీకటి మచ్చ పట్టుకోవడానికి ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఇక మనిషి కన్ను అక్కర్లేదా?

వెయ్యి ల్యాంపుల్లో నిజంగా లోపమున్నవి 5 అనుకుందాం. కెమెరా ఆ ఐదింటినీ పట్టేసింది. మంచివాటిలో కూడా నూటికి రెండింటిని అనుమానించింది, చాలా మంచి కెమెరానే. 995లో రెండు శాతమంటే 20. అనుమానపు పీసులు వేసే రెడ్ బిన్నులో మొత్తం 25 పడ్డాయి, వాటిలో 20 నిర్దోషులు. స్క్రూలతో బిగించిన ల్యాంపైతే విప్పి దుమ్ము ఊదేసి మళ్లీ బిగించేవాళ్లు. ఇక్కడ ఆ వీల్లేదు, పారేస్తే 25 పీసులూ నష్టం. కాబట్టి ఆ 25ని ఒకటొకటిగా వెలుగులో తిప్పి చూసి తీర్పు చెప్పడానికి అనుభవమున్న ఇన్‌స్పెక్టరు కావాలి. వెయ్యి చూసే మనిషి పోయి పాతిక చూసే మనిషి వచ్చింది. పని తగ్గింది, కావాల్సిన నైపుణ్యం పెరిగింది. అనుమానాన్ని తగ్గించేలా కెమెరాని సడలిస్తే ఐదింటిలో ఒకటి జారిపోతుంది, మధ్యేమార్గం ఎక్కడో ప్రతి ప్లాంటూ తానే వెతుక్కోవాలి.

ఇన్ని పరీక్షలూ పట్టుకోలేనివి ఉంటాయి. 2022 నవంబరులో టెస్లా అమెరికాలో 3 లక్షల 21 వేలకు పైగా మోడల్ 3, మోడల్ వై కార్లని రీకాల్ చేసింది, వెనక లైట్లు అప్పుడప్పుడూ వెలగడం లేదని. వెల్డింగ్ బాగుంది, ఎల్ఈడీలు బాగున్నాయి. కారు నిద్రలేచేటప్పుడు సాఫ్ట్‌వేరు లేని లోపాన్ని ఉందనుకుని లైటు ఆపేస్తోంది. రిపేరు కూడా గాల్లోంచే, సాఫ్ట్‌వేర్ అప్‌డేటుగా వెళ్లింది.

రోబో కొనాలా వద్దా అన్నది ఫేస్‌లిఫ్ట్ తేలుస్తుంది

యజమానుల వాదన తేలికగా అర్థమవుతుంది: రోబో అలసిపోదు, రాత్రి షిఫ్టులో చేయి వణకదు, నాణ్యత నిలకడగా ఉంటుంది. కార్మికుల వైపు నుంచి వినిపించేది: మన దగ్గర జీతాలు తక్కువ, ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకి దొరికే పనులే ఇవి, వాటినీ తీసేస్తే ఎలా? రెండు వాదనలూ ఒక లెక్క ముందు ఆగాలి. కింది అంకెలు ఊహించినవి, పద్ధతి అర్థం కావడానికే.

రోబో స్క్రూ స్టేషను ఖర్చు 30 లక్షలు అనుకుందాం. అది రెండు షిఫ్టుల్లో ఒక్కో మనిషి పని చేస్తుంది. ఒక్కొక్కరి మీద కంపెనీకి నెలకి 25 వేలు, ఏడాదికి ఇద్దరికీ 6 లక్షలు. పెట్టుబడి తిరిగిరావడానికి ఐదేళ్లు. కానీ కారుకి ఫేస్‌లిఫ్ట్ చేస్తే, అంటే అదే మోడలుకి పైరూపు మారిస్తే, ముందు మారేవాటిలో వెనక లైటు ఒకటి. కియా సెల్టోస్ మన దేశంలో 2019 ఆగస్టులో విడుదలైంది, 2023 జూలైలో ఫేస్‌లిఫ్ట్ వచ్చింది, వెనక ల్యాంపులు మారిపోయి ఎడమ నుంచి కుడికి కలిసిన ఎర్ర గీత వచ్చింది. నాలుగేళ్లు కూడా నిండలేదు. రోబో చేయిని కొత్త మోడలుకి వాడుకోవచ్చు గానీ ల్యాంపు ఆకారానికి చెక్కిన ఫిక్స్‌చర్లు, వేడి పలకలు తుక్కే. మూడు షిఫ్టులు నడిస్తే లెక్క మారుతుంది, మూడేళ్ల నాలుగు నెలల్లో డబ్బు తిరిగొస్తుంది. జీతాలు ఎన్నో రెట్లున్న జర్మనీలోనైతే ఈ ప్రశ్నే పుట్టదు. ఒకే ల్యాంపు తయారీదారు రెండు దేశాల్లో రెండు రకాల లైన్లు పెట్టుకోవడంలో వింతేమీ లేదు.

వెల్డింగుకి, లీక్ టెస్టుకి మాత్రం ఈ తూకం వర్తించదు. అవి మనిషి చేసే పనులే కావు, జీతం ఎంతున్నా యంత్రం కొనాల్సిందే. వివాదమంతా మధ్యలోని పెట్టడం, తీయడం, బిగించడం దగ్గరే.

మళ్లీ ఆ తేమ దగ్గరికి

ఇంత సీలు చేసిన డబ్బాలోకి తేమ ఎలా వచ్చింది? ల్యాంపు ఊపిరి పీలుస్తుంది, పీల్చాలి కూడా. ఎండలో లోపలి గాలి 30 డిగ్రీలు వేడెక్కితే పదో వంతు వ్యాకోచిస్తుంది. బయటికి దారి లేకపోతే ఆ ఒత్తిడి పెద్ద లెన్సు మీద సుమారు 50 కిలోల బరువుగా పడుతుంది, అతుకు ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? అందుకే వెనక గోడకి ఆ గోరంత పొర. గాలినీ ఆవిరినీ పోనిస్తుంది, నీటి చుక్కని ఆపుతుంది. లీక్ టెస్టు చేసేటప్పుడు దాన్ని మూసి చేస్తారు.

30 డిగ్రీల దగ్గర తేమ 80 శాతమున్న గాలి 2 లీటర్లలో నీటి ఆవిరి 49 మిల్లీగ్రాములుంటుంది. వానకి లెన్సు చల్లబడి లోపలి గాలి 20 డిగ్రీలకి దిగితే పట్టగలిగేది 35 మిల్లీగ్రాములే. మిగిలిన 14 మిల్లీగ్రాములు, అంటే ఒక నీటిబొట్టులో మూడో వంతు కూడా లేని నీరు, లెన్సు నిండా పరుచుకుంటే మనకి పొగమంచులా కనిపిస్తుంది. పాత బల్బు తన వేడితో దాన్ని త్వరగా ఆరబెట్టేసేది. ఎల్ఈడీ వేడి వెనకవైపుకి పోతుంది, లెన్సు చల్లగానే ఉంటుంది, తేమ గంటల తరబడి నిలుస్తుంది. నా కారులో తేమ మధ్యాహ్నం ఎండకి పోయింది, సెట్టు కొనలేదు. అడుగున నీళ్లు చేరి కదిలితే ఊగుతుంటే అది వేరే సంగతి: అతుకు పగిలింది, లేదా పొర ఊడింది.

అప్పుడు మాత్రం మెకానిక్ మాటే నెగ్గుతుంది, అక్కడే రిపేరు హక్కు గురించిన తగువు మొదలవుతుంది. ఒక ఎల్ఈడీ పోయినందుకు ల్యాంపు మొత్తం పారేయడం దండగ, అక్రిలిక్, ఏబీఎస్, అల్యూమినియం కలిసిపోయిన డబ్బాని రీసైకిల్ చేయడమూ కష్టమే అంటారు ఒక పక్షం వాళ్లు. బల్బులా తీసి పెట్టుకునే ఎల్ఈడీలకి ఐక్యరాజ్యసమితి నిబంధన 128 ఎప్పుడో ఉంది, దారి లేక కాదంటారు. తయారీదారుల జవాబు: తెరిచే తలుపు పెడితే అది నీళ్లొచ్చే దారి కూడా అవుతుంది, బోర్డు మీద సరిగా అమర్చిన ఎల్ఈడీ కారు బతికినన్నాళ్లూ బతకాలన్నదే డిజైను లక్ష్యం. ల్యాంపు ఎల్ఈడీ పోవడం వల్ల కన్నా వెనక నుంచి ఎవరో గుద్దడం వల్లే ఎక్కువగా మారుతుందన్న మాటా ఉంది. గుద్దుడుకి పగిలేది లెన్సే కాబట్టి, లోపలి బోర్డు బాగున్నా పోతుంది, ఈ వాదన రెండు వైపులా కోస్తుంది.

ఈలోగా విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మెకానిక్కులకి తమ పద్ధతులు తమకున్నాయి. డ్రిల్లుతో ల్యాంపు అడుగున చిన్న బెజ్జం వేసి నీళ్లు వదిలేస్తారు. ఆ బెజ్జం చేసేది గోరంత పొర చేసే పనిలో సగం: ఆవిరిని బయటికి పంపుతుంది, దుమ్ముని లోపలికి రానిస్తుంది.